మొదటి ముక్క

మా వీధిలో ఈ మధ్య ఒక ఆచారం పుట్టింది. ఎవరింట్లో తేనెపట్టు తీసినా మొదటి ముక్క ఆ ఇంటి ఇల్లాలు తినాలి. ఆమె తిని మింగాకే తేనె పంచుతారు. ఎందుకని అడిగితే, ఇంటికి మంచిదట అంటుంది ఎదురింటి వదిన. పక్కింటి పిన్ని ఇంకో మెట్టు ఎక్కి, ఇది పాత ఆచారమేననీ, వాళ్ళ అమ్మమ్మ కూడా చెప్పేదనీ అంటుంది. వాళ్ళ అమ్మమ్మ అలాంటిదేమీ చెప్పి ఉండదు. ఈ ఆచారానికి నిండా రెండేళ్ళు లేవు. అది మా ఇంటి వెనక సజ్జా కింద నా మూలంగా పుట్టింది. ఆ సంగతి నాకూ, మా ఆయనకూ, తేనె తీసే ఆమెకూ తప్ప ఎవరికీ తెలియదు.

గురజాలలో మాకు పురుగుమందుల కొట్టు ఉంది. మా ఆయన పొలాల వెంట తిరిగి పైర్లు చూసి వస్తాడు, కౌంటర్లో నేను కూర్చుంటాను. పత్తికి పచ్చదోమ పట్టినా, మిరపకు తామరపురుగు పట్టినా రైతులు ఆకు తెచ్చి నా బల్ల మీద పెడతారు. నేను తిరగేసి చూసి డబ్బా తీసిస్తాను. ఇచ్చేటప్పుడు రెండు మాటలు మాత్రం చెప్పకుండా పంపను. మూతికి గుడ్డ కట్టుకోండి, మందు కొట్టాక ఇన్ని రోజుల దాకా కాయ కోయొద్దు. విననట్టు కనిపిస్తే మళ్ళీ చెప్పించుకుంటాను. "ఈమె దగ్గర మందు కొంటే తిట్లు ఊరికే వస్తయ్" అని నవ్వుతారు. నాకు నోరెక్కువ. కోపం అంతకన్నా ఎక్కువ. ఆ రెంటినీ నేను చాలాకాలం నిజాయితీ అనుకున్నాను.

పోయినేడు మిరపకోతల కాలంలో ఒక మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తే పెరట్లో స్ప్రేయర్ మోటారు తిరుగుతున్నట్టు మోత వినిపించింది. తలెత్తి చూస్తే మేడ మీద వెనక కిటికీ ముందు, సజ్జా అడుగున, నల్లటి ముద్ద వేలాడుతోంది. పెద్ద తేనెటీగలు. మా ఆయన చూసి, "వాటి దారిన అవి ఉంటయ్, మన దారిన మనం ఉందాం" అన్నాడు. ఆయనకు ప్రపంచంలో దేనితోనూ పేచీ లేదు. నాకు మాత్రం పెరట్లోకి వెళ్ళాలంటే దొంగలా వెళ్ళాల్సి రావడం నచ్చలేదు. నా ఇంట్లో నేను తల వంచుకుని నడవడం ఏమిటి అనిపించింది.

పది రోజులకు పట్టు చేటంత అయింది. అప్పుడే తేనె తీసే ఆమె వీధిలోంచి పోతూ చూసింది. ఆమె దాచేపల్లి వెళ్ళే దారిలో, సున్నపురాయి లారీల దుమ్ముకు తెల్లబడిన గుడిసెల్లో ఉంటుంది. ఎత్తిపోతల దగ్గర కొండరాళ్ళకు వేలాడే పట్టులు కోసిన మనిషి. అంతకుముందు రెండేళ్ళు ఎదురింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు కింద పట్టు పెడితే ఆమే తీసింది. తీయగానే మొట్టమొదట తన వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏ పువ్వు తేనో చెప్పేది. వేప అనో, పొద్దుతిరుగుడు అనో. అది వినడానికే వీధిలో ఆడవాళ్ళం పోగయ్యేవాళ్ళం. తర్వాత తేనె పిండి సగం ఇంటివాళ్ళకు పోసి సగం తను తీసుకుపోయేది. అడిగేదీ లేదు, బేరమాడేదీ లేదు.

మా సజ్జా కిందికి వచ్చి చాలాసేపు చూసింది.

"ఇంకా పిల్ల ఉందమ్మా లోపల. ఇప్పుడు తీస్తే పాపం, తేనె కూడా తక్కువ. వచ్చే శనివారం పొద్దున వస్తా. అప్పటిదాకా కదిలించమాక."

"కుడితేనో?"

"నువ్వు వాటి జోలికి పోకపోతే అవి నీ జోలికి రావు" అని, నా ఫోన్‌లో తన నంబరు ఎక్కించింది. నేను దాన్ని 'తేనె ఆమె' అని రాసి పెట్టుకున్నాను. ఆమె పేరు అడగాలని తోచలేదు.

గురువారం పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఒక ఈగ కంటి కింద కుట్టింది. జోలికి పోలేదు, ఏమీ లేదు. దుప్పటి దులిపాను, అంతే. గంటలో ఆ చెంప వాచి కన్ను మూసుకుపోయింది. అదే మొహంతో కొట్టుకు పోయి కూర్చున్నాను. వచ్చిన ప్రతివాడూ అడగడమే. ఒక ముసలి రైతు అయితే మా ఆయన వైపు తిరిగి, "ఏందయ్యా, చేయి చేసుకున్నావా? ఆమె ఊరుకుందా?" అన్నాడు. కొట్టంతా నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. మామూలు రోజైతే నేనే ముందు నవ్వేదాన్ని. ఆ రోజు నొప్పి కన్నా ఆ నవ్వు ఎక్కువ మండింది.

సాయంత్రం పెందలాడే ఇంటికి వచ్చేశాను. వచ్చేటప్పుడు కొట్టులోంచి తామరపురుగుకు కొట్టే మందు ఒక చిన్న సీసా, చేతిపంపు ఒకటి తెచ్చుకున్నాను. మూతికి గుడ్డ కట్టుకున్నాను. అదొక్కటి మరిచిపోలేదు. ఈగలన్నీ పట్టు మీదికి చేరాక మేడ గదిలోకి వెళ్ళి, కిటికీకి బిగించిన దోమల వల చిరుగులోంచి నాజిల్ బయటికి పెట్టి కొట్టాను. నీళ్ళలో ఎంత కలపాలో నాకన్నా తెలిసినవాళ్ళు ఆ వీధిలో లేరు. దానికి రెండింతలు కలిపాను. కొడుతూ ఏదో తిట్టాను కూడా. పట్టు మొత్తం ఒక్కసారి అలలాగా కదిలింది, తర్వాత ముద్దలు ముద్దలుగా రాలడం మొదలైంది. పంపులో మందు అయిపోయేదాకా కొట్టాను.

పొద్దున చూస్తే సజ్జా కింద నేలంతా ఈగలే. కొన్ని ఇంకా కాళ్ళు ఆడిస్తున్నాయి. చీపురుతో ఊడ్చి యూరియా సంచీలో పోసి మూతి కట్టేశాను. నా పాదాల దగ్గర ఒకటి గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. అప్పటికి నా చెంప వాపు సగం తగ్గింది. కోపం పూర్తిగా పోయింది. కోపం పోయాక మిగిలింది చూసుకోవడానికే నాకు ఇబ్బందిగా ఉండింది.

పట్టు మాత్రం అట్లాగే వేలాడుతోంది, మీద గుప్పెడు ఈగలతో. మా ఆయన సంచీ చూశాడు, పంపు చూశాడు. స్నానం చేసి వచ్చి, "రేపు ఆమె వస్తానందిగా. ఫోన్ చేసి రావద్దని చెప్పు" అన్నాడు.

"చేస్తాలే" అన్నాను.

చేయలేదు. ఎందుకు చేయలేదని నన్ను నేను చాలాసార్లు అడిగి చూసుకున్నాను. పట్టు తీసే మనిషి కావాలన్నది ఒక కారణం. అది చిన్నది. పెద్దది వేరే. కదిలించవద్దని ఆమె చెప్పింది, నేను వారం రోజులు ఆగలేకపోయాను. ఊరందరికీ మందు గురించి నీతులు చెప్పే మనిషిని. చదువురాని ఒక ఆడమనిషికి ఆ సంగతి నా నోటితో చెప్పుకోవడం నాకు నామోషీ అనిపించింది. ఆమె వచ్చి పట్టు కోసుకుని పోతే చాలు, తేనె సంగతి తర్వాత చూడొచ్చు అనుకున్నాను. ఏమి చూస్తానో మాత్రం ఆలోచించలేదు.

శనివారం పొద్దున చెప్పిన వేళకు వచ్చింది. చేతిలో కత్తి, ప్లాస్టిక్ బకెట్టు, పొగకు వేపమండలు. మేడ గదిలోకి వెళ్ళి కిటికీలోంచి చూసి, వేపమండలు కింద పెట్టేసింది.

"ఈగలేయమ్మా?"

"ఏమో. రెండు రోజుల నుంచి లేచిపోతున్నయ్" అన్నాను.

"లేచిపోతయ్యా? తేనె వదిలిపెట్టా?" అని నా వైపు చూసింది. నేను కిటికీ రెక్క సరిచేస్తూ నిలబడ్డాను.

ఆమె పొగ అవసరం లేకుండానే వల విప్పి, చెయ్యి చాపి, పట్టు కోసి బకెట్టులో పెట్టుకుంది. తేనె బాగా ఉంది. గదంతా తీపి వాసన. ఇప్పుడు వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటుందని నాకు తెలుసు. ఆపాలి, ఏదో ఒకటి అనాలి అనుకుంటున్నాను. ఆమె వేలు ముంచలేదు. తేనె ఉన్న చోట ఒక ముక్క కోసి, నా ముందు పట్టుకుంది.

"ఈసారి నువ్వు తిను ముందు."

"ఇవాళ శనివారం కదా, నాకు ఒక్కపొద్దు" అన్నాను.

"తేనెకి ఒక్కపొద్దేంది? పాలు, పండ్లు, తేనె, అన్నీ తినొచ్చుగా."

"షుగర్ కూడా ఉందిలే" అన్నాను.

నాకు ఒక్కపొద్దూ లేదు, అప్పటికి షుగరూ లేదు. రెండూ ఒకదాని వెనక ఒకటి నా నోట్లోంచి ఎట్లా వచ్చాయో నాకే తెలియదు. ఆమె ఆ ముక్కను కాసేపు అట్లాగే పట్టుకుని, తర్వాత తిరిగి బకెట్టులో వేసింది. చేతులు గుడ్డతో తుడుచుకుంది. ఒక్కో వేలూ విడివిడిగా, చాలా శ్రద్ధగా తుడుచుకుంది.

పెరట్లో కూర్చుని పట్టు పిండింది. నా స్టీలు గిన్నెలో సగం పోసింది, సగం తన బకెట్టులో ఉంచుకుంది. లేచి నిలబడి, వెళ్ళబోతూ అంది.

"మా అమ్మాయి పురుడు పోసుకుందమ్మా. పసిగుడ్డుకి ఇవాళ తొమ్మిదో రోజు. నాలిక్కి ఈ తేనే రాస్తా."

అని నా మొహంలోకి చూసింది. తొందరేమీ లేకుండా చూసింది. చెప్పడానికి నాకు కావలసినంత వ్యవధి ఉంది. పక్కింటి పిన్ని గోడ మీంచి చూస్తోంది, ఆమె వింటుందేమో అనుకున్నాను. ఆ క్షణంలో నాకు తట్టిన ఆలోచన అదే.

"మంచిది" అన్నాను.

ఆమె తలూపి వెళ్ళిపోయింది.

ఆ మాట అన్నది నేనేనని ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. పిల్లల్ని కన్నదాన్ని. డబ్బాల మీద విషానికి గుర్తుగా ఉండే రంగు ముక్కోణం చూపించి, పిల్లలకు అందకుండా పెట్టండని రోజుకు పదిసార్లు చెప్పేదాన్ని. మంచిది అన్నాను.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. రెండోసారి ఎత్తనప్పుడు నాకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది. చేశానుగా, ఎత్తకపోతే నేనేం చేసేది అన్నట్టు. ఆ హాయిని తలుచుకుంటే మాత్రం నాకు ఒళ్ళంతా చీదర పుడుతుంది. ఫోన్ సంచీలో వేసుకుని కొట్టుకు పోయాను.

కొట్టులో గంటసేపు ఉన్నానో లేదో. ఒక రైతు వచ్చాడు. మొన్న నా దగ్గరే మందు కొన్నవాడు. "అమ్మా, మొన్న కొట్టినం గదా, కూలోళ్ళు రేపు వస్తామంటున్నారు. కాయ కోయించొచ్చా?" అని అడిగాడు. నేను నోరు తెరిచాను. నిద్రలో లేపి అడిగినా చెప్పే జవాబు అది. మాట రాలేదు. వాడు బల్ల మీద చేతులు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. "ఏందమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. మా ఆయన లోపలి నుంచి వచ్చి వాడికి ఏదో చెప్పి పంపాడు. నా వైపు తిరిగి, "ఫోన్ చేశావా ఆమెకి?" అన్నాడు.

అప్పుడు చెప్పాను. పసిగుడ్డు సంగతీ, మంచిది అన్న సంగతీ. పెళ్ళయినప్పటి నుంచి మా ఆయన నా మీద గొంతు పెంచింది లేదు. ఆ రోజూ పెంచలేదు. "పో" అన్నాడు. ఆ ఒక్క మాట, నా మొహం చూడకుండా. నేను చెప్పులేసుకుని ఆటో ఎక్కాను.

దారి పొడవునా లారీలు. ఒక్కో లారీ దాటేసరికి ఆటో దుమ్ములో మునిగిపోతోంది. ఎంత చిన్న బొట్టు రాసినా పసిబిడ్డ నాలుక ఎంత ఉంటుంది, అదే నా తలలో తిరుగుతోంది. మొక్కుకుందామంటే దేవుడి ముందు కూడా మొహం చెల్లలేదు. దిగి, గుడిసెల మధ్య అడుగుతూ పోతుంటే ఆమె పేరు తెలియక, తేనె తీసే ఆమె, తేనె తీసే ఆమె అని అడగాల్సి వచ్చింది.

గుడిసె ముందు గొంతుక్కూర్చుని బూడిదతో బకెట్టు తోముతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఆ తేనె బిడ్డకి రాశావా? రాయమాక. మందు కొట్టాను దానికి. గురువారం కొట్టాను" అన్నాను. ఏడుపు వచ్చేసింది.

"తెలుసు" అంది.

"ఎట్టా తెలుసు?"

"ఒక్క ముక్కకి రెండు సాకులు చెప్తివి. ఒకటి చెప్పుంటే నమ్మేదాన్నేమో."

బకెట్టులో నీళ్ళు పోసి, తిప్పి, పారబోసింది. పక్కన కొత్తగా పూడ్చిన గుంట చూపించింది. "తేనె అందులో పూడ్చినా. పైన పోస్తే వేరే ఈగలొచ్చి వాలతయ్. అవి కూడా చస్తయ్ గదా."

ఇన్నేళ్ళు ఆ మందులు అమ్మిన నాకు అది తట్టనే లేదు. నాకు పోసిన సగం తేనె ఇంట్లో అల్మరా మీద గిన్నెలో మూత పెట్టి ఉంది.

"బిడ్డ బాగుందా?" అన్నాను.

"ఏ బిడ్డ? నాకు అమ్మాయే లేదు. ఇద్దరూ మగపిల్లోళ్ళు, క్వారీలో చేస్తారు. పసిగుడ్డంటేనన్నా నీ నోరు తెరుచుకుంటదని చెప్పినా." తలెత్తి చూసింది. "నువ్వు మంచిదంటివి."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నేను దానికి ఏదో ఒక జవాబు చెప్పుకునేదాన్ని, కోపంతో వ్యవహారం నాకు అలవాటే.

"ఫోన్ చేశాను, ఎత్తలేదు నువ్వు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"చూసినా. ఫోన్లో చెప్పి చేతులు దులుపుకుంటావని ఎత్తలా. వస్తావో రావో చూద్దామనుకున్నా." బకెట్టు బోర్లించింది. "చానా సేపటికి వచ్చావు. ఈ బకెట్టు ఇంక తేనెకి పనికిరాదు. వేరేది ఇయ్యి."

ఇంటికొచ్చి ప్రహరీ పక్కన గుంట తవ్వి గిన్నెతో సహా పూడ్చిపెట్టాను. పక్కింటి పిన్ని గోడ మీంచి, "ఏం నాటుతున్నావు?" అని అడిగింది. మల్లె అంట్లు అని చెప్పాను. ఇంకో అబద్ధం. మర్నాడు మా గృహప్రవేశానికి వచ్చిన స్టీలు బకెట్టు ఒకటి, ఒక్కసారి కూడా వాడనిది, తీసుకుపోయి ఇచ్చాను. ఆమె దాన్ని వేలితో కొట్టి మోత విని, లోపల పెట్టుకుంది. కూర్చోమనలేదు. పేరు అడిగాను. "ఇప్పుడెందుకులే" అంది.

ఆ తర్వాత వీధిలో రెండు మూడు ఇళ్ళల్లో పట్టులు తీసింది. ప్రతి ఇంటా మొదటి ముక్క ఇల్లాలికిచ్చి, తినేదాకా నిలబడేదట. వీళ్ళంతా దాన్ని మర్యాద అనుకున్నారు, మంగళం అనుకున్నారు, అమ్మమ్మల దాకా తీసుకుపోయారు. ఎవరో చెప్తుంటే నేను కూరగాయలు తరుగుతూ విన్నాను. ఆమె నా పేరు ఎక్కడా బయటపెట్టలేదు. పెట్టి ఉంటే నాలుగు రోజులు తల దించుకుని తర్వాత మామూలయ్యేదాన్నేమో.

ఈ ఏడు ఈగలు మళ్ళీ మా సజ్జా కిందికే వచ్చాయి. వాటికి తెలియదు. నేను పెరట్లోకి తల వంచుకునే వెళ్ళాను, బట్టలు ముందు వరండాలో ఆరేశాను. రెండుసార్లు కుట్టాయి. పట్టు నిండాక ఆమెకు ఫోన్ చేశాను. ఈసారి ఎత్తింది.

వచ్చాక ముందు పెరట్లో సజ్జా కింద నేలంతా వెతికి చూసింది. చచ్చిన ఈగ ఒకటి దొరికితే అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూసి పడేసింది. తర్వాత మేడ మీదికి వెళ్ళి పొగ పెట్టింది. పట్టు దించేసరికి చేతుల మీద నాలుగైదు చోట్ల కుట్టాయి. వీధిలో ఆడవాళ్ళంతా పెరట్లో పోగయ్యారు. నేనిచ్చిన స్టీలు బకెట్టులో పట్టు పెట్టుకుని కిందికి వచ్చి, ముక్క కోసి నా ముందు పట్టుకుంది.

అది కూడా శనివారమే. పైగా ఈ ఏడు నాకు షుగర్ నిజంగానే ఉందని తేలింది. ఆ మాట ఇప్పుడు ఎవరితో అనగలను.

"తినమ్మా, మంచిది" అంది పక్కింటి పిన్ని వెనక నుంచి.

నోట్లో పెట్టుకున్నాను. తేనె తీసే ఆమె నా గొంతు వైపే చూస్తోంది.

"మింగు" అంది మెల్లగా.

మింగాను. అప్పుడు ఆమె నా గిన్నెలోకి సగం పిండింది. తన వేలు మాత్రం నాలుక మీద పెట్టుకోలేదు. కళ్ళు మూసుకోలేదు. ఆడవాళ్ళు ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి ఎదురింటి వదిన అడిగింది, ఏ పువ్వు తేనె అని.

"నాకేం తెలుసమ్మా, తిన్నది ఆమె గదా" అని నా వైపు చూపించింది. "ఆమెనే అడుగు."

అందరూ నా వైపు తిరిగారు. నోట్లో మైనం ఇంకా ఉంది. దాన్ని అటూ ఇటూ నమిలి చూశాను. ఏ పువ్వో నాకు తెలియలేదు.